చక్రంలో ఉప్పునీళ్ళు

ఆ ఉదయం బకెట్లో నీళ్ళ మీద మంచు పొర కట్టింది. వేలితో నొక్కితే పుటుక్కున విరిగింది. కాగితమంత పొర. అయినా దాన్ని చూడగానే కొండాయన చూపు షెడ్డు వైపు పోయింది.

కింద పట్నంలో అందరూ అతన్ని కొండాయన అనే అంటారు. వాలు మీద ఒంటరి ఇల్లు, ఇంటి చుట్టూ గడ్డి నేల, ఆ గడ్డి కోసి డెయిరీలకు అమ్ముకునే బతుకు. పిల్లల్లేరు. భార్య పోయింది. ఇంట్లో అతను, షెడ్డులో ఒక పాత ట్రాక్టరు.

షెడ్డు తలుపు తోసి చూశాడు. ట్రాక్టరు తన మానాన తాను నిలబడి ఉంది. వెనక చక్రాలు అతని ఛాతీ ఎత్తు ఉంటాయి. ఆ రెండింటి కడుపులోనూ ముప్పావు వంతు నీళ్ళు. ఆ బరువు లేకపోతే వాలు మీద గడ్డి కోస్తున్నప్పుడు పైవైపు చక్రం నేలను వదిలేస్తుంది. ఒకసారి వదిలింది కూడా. బండి పక్కకు ఒరిగి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ నేల మీదికి దిగింది. అదంతా అతని భార్య వంటింటి కిటికీలోంచి చూసింది. ఆ పూట ఆవిడ ముద్ద ముట్టలేదు, మాట్లాడనూ లేదు. తెల్లారగానే తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడు పట్నంలో బస్సుల గ్యారేజీలో మెకానిక్. భుజాన పైపు చుట్ట, జేబులో ఒక ఇత్తడి ముక్క వేసుకుని కొండెక్కి వచ్చాడు. ఆ ఇత్తడి ముక్కను టైరు వాల్వుకి బిగిస్తే లోపలికి నీళ్ళు పోతాయి, లోపలి గాలి బయటికి వస్తుంది. అలా మొదలైంది. చలి పోయాక టైర్లలో నీళ్ళు నింపడం, మళ్ళీ చలి ముదిరేలోపల వంపెయ్యడం. వంపకపోతే లోపల నీళ్ళు గడ్డ కట్టి ట్యూబులు చీలిపోతాయి.

ఇది ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూర్చుని బండిని అంగుళం అంగుళం జరపాలి. ఇంకొకరు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు సరిగ్గా అడుగుకి వచ్చినప్పుడు ఆపమని అరవాలి.

"ఆగు బావా. ఆగమంటే ఆగమని, ఇంకో జానెడు వెళ్ళమని కాదు."

"నీ మాట నోట్లోంచి ఊడిపడేలోపల చక్రం సగం తిరుగుతోంది. నన్నేం చెయ్యమంటావు?"

కిటికీలోంచి ఆవిడ నవ్వేది. ఇద్దరు మగాళ్ళు కలిసి ఒక్క చక్రాన్ని ఆపలేకపోతున్నారని ఎగతాళి చేసేది.

ఆవిడ పోయిన ఏడాది, చలి వెనకబడుతున్న రోజుల్లో, ఇక బావమరిది రాడనే అనుకున్నాడు కొండాయన. వచ్చాడు. భుజాన అదే పైపు చుట్ట. ఆకులు రాలే రోజుల్లో మళ్ళీ వచ్చాడు. ఆవిడ ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. పాత ట్యూబులను తిట్టుకునేవాళ్ళు, ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు, పొగలు కక్కే టీ తాగేవాళ్ళు. కొండాయన ఇంటి గుమ్మం దగ్గర రెండో జత బూట్లు కనిపించే రోజులు ఏడాదికి ఆ రెండే.

ఈసారి ఆకులన్నీ రాలిపోయాయి. బావమరిది రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే. ఆపైన చెయ్యబుద్ధి కాలేదు. తనకు తానే ఒక సమాధానం చెప్పుకున్నాడు. వాడు అక్క కోసం వచ్చేవాడు. అక్క లేకపోయినా అలవాటు కొద్దీ కొన్నాళ్ళు వచ్చాడు. అలవాటు కూడా అరిగిపోయింది.

రేడియోలో వాతావరణం చెప్పే మనిషి ఈ వారంలోనే చలి విరుచుకుపడుతుందన్నాడు. ఇక లాభం లేదని కొండాయన ఒక్కడే పనిలోకి దిగాడు.

సీటెక్కి బండిని కాస్త జరిపాడు. దిగి చూశాడు. వాల్వు ఇంకా పక్కనే ఉంది. ఎక్కి మళ్ళీ జరిపాడు. దిగి చూస్తే అడుగు దాటి వెళ్ళిపోయింది. వెనక్కి జరిపితే మళ్ళీ మొదటికే వచ్చింది. ఎక్కడం, దిగడం, వంగి చూడడం, తనను తాను తిట్టుకోవడం. ఒకసారి అలవాటు చొప్పున సీట్లోంచి "చాలా?" అని అరిచాడు కూడా. షెడ్డు రేకులు ఆ మాటను అతనికే తిరిగిచ్చాయి. అప్పుడు ఇంజను ఆపేసి చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఎలాగో ఎడమ చక్రం వాల్వు అడుగుకి తెచ్చాడు. వాల్వు లోపలి పిన్ను తీయగానే నీళ్ళు చిమ్మి మోచేతుల దాకా తడిపాయి. అవి గుటకలు వేస్తూ కారడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కుడి చక్రం సంగతికొచ్చేసరికి వేళ్ళు కొయ్యబారిపోయి పిన్ను పట్టుకు రాలేదు. ఆ తడి బట్టలతోనే నిర్ణయించుకున్నాడు. గడ్డ కట్టని ద్రవం ఏదో ఒకటి కొని పోసేస్తే పీడ వదులుతుంది. ఇక ఎవరి కోసమూ దారి కాయక్కర్లేదు.

బట్టలు మార్చుకుని, పాత వ్యాను తీసి పట్నం దిగాడు.

రైతు సామాన్ల కొట్టు బస్‌స్టాండు వెనక వీధిలో ఉంది. గొలుసులు, పైపులు, పీపాలు, గ్రీజు వాసన. కొట్టావిడ లెక్కల బల్ల వెనక కాళ్ళకు రెండేసి మేజోళ్ళు తొడుక్కుని కూర్చుని ఉంది. ఏళ్ళ నుంచీ అతన్ని అన్నయ్యగారూ అనే పిలుస్తుంది. టైర్లలో బరువు కోసం ఏం పొయ్యొచ్చని అతను అడగ్గానే ఆవిడ హుషారొచ్చి లేచి నిలబడింది.

ఒక్కొక్క పీపా మీద చెయ్యి వేస్తూ చెప్పుకుపోయింది. నీళ్ళు మంచివే గానీ చలికాలం మన మాట వినవంది. రేడియేటర్లో పోసే కూలెంట్ గడ్డ కట్టదు, కానీ తియ్యగా ఉంటుంది, కారితే కుక్కో ఆవో నాకుతుంది, నాకితే అంతే సంగతులంది. అద్దాలు కడిగే నీలం ద్రవం తేలిక, పైగా నిప్పు పుల్లకి భగ్గుమంటుందంది. చివరికి ఒక మూల సంచుల దగ్గర ఆగింది. అది కాల్షియం ఉప్పు. నీళ్ళలో కలిపి పోస్తే మహా బరువు, ఎంత చలికీ గడ్డ కట్టదు, కానీ ఇనుమును తినేస్తుంది. దాని పక్కన పీపాల్లో ఉన్నది నల్ల పాకం. దుంపల నుంచి చక్కెర తీశాక మిగిలేది. బరువుంటుంది, గడ్డ కట్టదు, తుప్పు పట్టించదు. కారి నేల మీద పడితే ఆవు నాకి ఇంకాస్త పొయ్యమంటుందంది కొట్టావిడ.

అంతా చెప్పి, అప్పుడేదో గుర్తొచ్చినట్టు అతని మొహంలోకి చూసింది.

"అయినా మీకెందుకండీ ఇదంతా? మీ టైర్లకి నల్ల పాకం చెప్పేశారుగా."

"ఎవరు?"

"మీ బావమరిదిగారు. పోయిన వారం ఫోన్ చేశారు. అవిగో, ఆ రెండు పీపాలూ మీవే. రేపు పంపిస్తున్నాను."

కొండాయన ఆ పీపాల వైపు చూశాడు. మూతల మీద సుద్దతో ట్రాక్టరు బొమ్మ గీసి ఉంది.

"ఇంకేమన్నాడు?"

"ఇది పోస్తే ఏళ్ళ తరబడి ఆ టైర్ల జోలికి పోనక్కర్లేదు, నాకు ఏటా కొండెక్కే పీడ వదులుతుంది అన్నారు. నవ్వుతూనే అన్నారులెండి."

పీడ. రెండు గంటల కిందట షెడ్డులో తను అనుకున్న మాటే. తన నోట్లో ఉన్నప్పుడు అది ఇంత బరువు లేదు.

ఫోన్ ఎత్తడానికి తీరిక లేదు గానీ కొట్టుకు ఫోన్ చెయ్యడానికి ఉందన్నమాట. రానని మొహం మీద చెప్పకుండా, రావలసిన అవసరమే లేకుండా చేస్తున్నాడు. మర్యాదస్తుడు. ఆ నల్ల పాకం టైర్లలోకి వెళ్ళిందంటే ఇక గుమ్మం దగ్గర రెండో జత బూట్లు ఉండవు. ఈ ఏడాదీ ఉండవు, వచ్చే ఏడాదీ ఉండవు. అది మహా మంచి సరుకు మరి, ఏళ్ళ తరబడి మనిషి అవసరం రానివ్వదు.

కొండాయన మూలనున్న సంచుల వైపు తిరిగాడు.

"ఆ ఉప్పు సంగతి చెప్పమ్మా. ఇనుమును తింటుందన్నావు."

"తింటుందండీ. వాల్వు దగ్గర చుక్క కారినా రిమ్ముకు తుప్పే. ఏటా టైరు ఊడదీసి, తుప్పు గీకి, రంగు వేసి, మళ్ళీ నింపుకోవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే నేనెవరికీ అంటగట్టను."

"ఏటా చూడాలా?"

"తప్పదండీ."

"అదే ఇవ్వు."

కొట్టావిడ సంచి మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అన్నయ్యగారూ, నేను చెప్పింది దాని చెడ్డ. మంచి కాదు."

"విన్నానమ్మా. అదే ఇవ్వు."

సంచులు వ్యానులోకి ఎక్కించుకుని బయల్దేరాడు. సగం దారిలో గానీ తను చేసిన పనేమిటో అతనికి తెలిసిరాలేదు. ఏటా ఇద్దరు చూడాల్సిన సరుకు కొన్నాడు. రెండో మనిషి ఎక్కడ? ఇవాళ కుడి చక్రం నీళ్ళే వంపలేనివాడు వచ్చే ఏడాది టైరు ఊడదీస్తాడా? అయినా వ్యాను వెనక్కి తిప్పలేదు.

మర్నాడు బకెట్లో మంచు వేలికి విరగలేదు. కొండాయన కుడి చక్రం పక్కన నిలబడి, అరచేత్తో టైరును తట్టి చూశాడు. లోపల నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఇవాళ ఒక్కరోజే గడువు.

అప్పుడు వినిపించింది, వాలెక్కుతున్న బండి చప్పుడు. కొట్టువాళ్ళ బండి కాదు. బావమరిది కూతురి బండి. పిల్ల నడుపుతోంది. వెనక రెండు పీపాలు. పక్క సీట్లోంచి బావమరిది వెంటనే దిగలేదు. ముందు ఒక చేతికర్ర దిగింది, దాని వెనక వంగని కాలు దిగింది, ఆ తర్వాత మనిషి దిగాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

కొండాయన రెండడుగులు ముందుకు వేశాడు. కళ్ళు ఆ కాలి మీదే ఆగిపోయాయి.

"ఏం చూస్తావు బావా? మోకాలు మార్చేశారు. ఒరిజినల్ పార్టు దొరకలేదట, వేరే కంపెనీది బిగించారు."

"నాకు చెప్పలేదేం?"

"నాన్న చెప్పొద్దన్నాడు మామయ్యా," అంది పిల్ల, తండ్రి మోచెయ్యి పట్టుకుంటూ. ఆసుపత్రిలో ఫోన్ తన దగ్గరే ఉందనీ, కొండాయన పేరు రెండుసార్లు వెలిగిందనీ, ఎత్తబోతే తండ్రి వద్దన్నాడనీ చెప్పింది.

"చెప్తే రావాలిగా నువ్వు," అన్నాడు బావమరిది. "అక్క పోయిన దగ్గర్నించీ ఒక్కసారైనా మా గడప తొక్కావా? చెప్పాక కూడా నువ్వు రాకపోతే ఆ మంచం మీద నాకెలా ఉంటుంది? అందుకే చెప్పలేదు."

అందులో అబద్ధం లేదు. ఆ ఇంట్లో ముందు గదిలోనే ఆవిడ చిన్నప్పటి ఫోటో ఉంటుంది, రెండు జడలతో. దాని ఎదురుగా కూర్చోవడం తన వల్ల కాదని కొండాయన ఎవరికీ చెప్పలేదు. వాడే వస్తున్నాడు కదా, తను వెళ్ళకపోతేనేం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాడు.

బావమరిది కర్ర చివరతో షెడ్డులోని సంచులను పొడిచాడు.

"కొట్టావిడ ఫోన్ చేసింది. మీ బావకి మతి పోయిందండీ అంది. ఎప్పుడో పోయింది, నీకిప్పుడు తెలిసిందా అన్నాను. ఏంటిది బావా? బంగారంలాంటి సరుకు చెప్తే వద్దని ఇది తెచ్చుకుంటావా?"

"నీకు పీడ వదులుతుందన్నావట."

కొండాయన ఆ మాట నేల చూస్తూ అన్నాడు. బావమరిది అక్కడ ఒక తిరగేసిన పీపా మీద అతి కష్టంగా కూర్చుని, కాలు చాపుకున్నాడు.

"అన్నా. మరేం చెయ్యమంటావు, ఏడుస్తూ చెప్పమంటావా కొట్టావిడకి? ఈ కాలు ఇక మునుపటిలా వంగదు. చక్రం పక్కన గొంతుక్కూర్చోలేను. నేను రాకపోతే నువ్వొక్కడివే ఈ చలిలో నీళ్ళలో తడుస్తావని తెలుసు. తడిశావు కూడా, ఆ గొంతు చూడు. అందుకే మనిషి అక్కర్లేని సరుకు చెప్పాను."

ఇద్దరూ కాసేపు ట్రాక్టరునే చూశారు. పిల్ల ఇద్దరినీ చూసింది.

గడువు మాత్రం ఆగదు. పిల్ల సీటెక్కింది. కొండాయన చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు, ఎప్పుడూ బావమరిది కూర్చునే చోట. బావమరిది పీపా మీంచి కర్ర ఎత్తాడు. బండి కదిలింది. వాల్వు నెమ్మదిగా కిందికి తిరుగుతూ వచ్చింది.

"ఆగమ్మా," అని అరిచాడు కొండాయన.

చక్రం సరిగ్గా అక్కడే ఆగింది.

"చూశావా బావా? ఆగమంటే ఆగింది. మా పిల్లకి చెవులున్నాయి."

కుడి చక్రంలో నీళ్ళు గుటకలు వేస్తూ కారిపోయాయి. వాల్వులు పైకి వచ్చేలా బండి జరిపి, ఇరుసు కింద జాకీలు పెట్టి, ఇత్తడి ముక్క బిగించారు. ఇక పొయ్యడమే మిగిలింది. ఒకవైపు నల్ల పాకం పీపాలు, మరోవైపు ఉప్పు సంచులు.

"ఏది పొయ్యమంటావు?" అన్నాడు బావమరిది.

"ఉప్పు."

"ఎందుకు?"

"బరువెక్కువ."

"రెండూ దాదాపు ఒకటే బరువు."

కొండాయన పైపు చివరను అటూ ఇటూ తిప్పాడు. తుడిచిన ఇత్తడి ముక్కనే మళ్ళీ తుడిచాడు.

"ఏటా చూడాలట దాన్ని," అన్నాడు చివరికి. "ఇద్దరు కావాలట."

బావమరిది రిమ్ము వైపు చూశాడు. ఎంతసేపు చూశాడంటే, అందులో ఏముందా అని పిల్ల కూడా వంగి చూసింది.

"నా మోకాలు కొండెక్కదు బావా."

"నువ్వెక్కక్కర్లేదు. బండి నేనే కిందికి తెస్తాను. మీ గ్యారేజీ పక్కన ఖాళీ జాగా ఉందిగా. ఏటా అక్కడ విప్పుదాం. నువ్వు కుర్చీలో కూర్చుని తిట్టు."

"బస్సులు తిరిగే రోడ్డు మీద ఈ ట్రాక్టరేసుకుని వస్తావా? వెనకాల ఊరంతా హారన్ కొడుతుంది."

"కొట్టనీ."

"గ్యారేజీకి మా ఇంటి ముందు నుంచే రావాలి."

కొండాయన ఉప్పు సంచి ఒకటి ముందుకు లాగాడు. బావమరిది రెట్టించలేదు. కూతురి వైపు తిరిగి, ఆ సంచుల మూతులు విప్పమన్నాడు.

పెద్ద పీపాలో నీళ్ళు పోసి ఉప్పు కలపసాగారు. కర్రతో తిప్పుతుంటే పీపా వెచ్చబడింది. ఆ ఉప్పు గుణమే అంత, నీళ్ళలో పడితే వేడి పుట్టిస్తుంది. కాసేపటికి పీపా మీంచి సన్నగా ఆవిరి లేచింది. ముందు పిల్ల తన అరచేతులు దానికి ఆనించింది. తర్వాత బావమరిది ఆనించాడు. కొండాయన తిప్పడం ఆపి, తడి చేతులు తుడుచుకుని, అటువైపు నుంచి ఆనించాడు. నీళ్ళు చల్లారేదాకా అలాగే ఉన్నారు. తర్వాత టైర్లలోకి పంపారు. పని అయ్యాక బావమరిది ఇంటి గుమ్మం దగ్గరే నిలబడి టీ తాగాడు.

సాయంత్రం కాకముందే పిల్ల తొందరపెట్టింది. డాక్టరు ఇంతసేపు కూర్చోవద్దన్నాడంది. పాకం పీపాలు వెనక్కి ఇచ్చేస్తామంది. బావమరిది బండెక్కి, కిటికీ అద్దం దించాడు. రిమ్ము మీద పడ్డ ఉప్పునీళ్ళు ఇవాళే మంచినీళ్ళతో కడగమన్నాడు. వాల్వు చుట్టూ, నట్ల చుట్టూ శుభ్రంగా తుడవమన్నాడు. లేకపోతే ఏడాది తిరిగేసరికి తుప్పు లేచి కూర్చుంటుందన్నాడు.

"కడుగుతాను పోరా."

బండి వాలు దిగింది. మలుపు తిరిగింది. దాని చప్పుడు వినబడుతున్నంతసేపూ నిలబడి, ఆ తర్వాత కూడా కాసేపు నిలబడ్డాడు కొండాయన. ఇంట్లోకి వెళ్తే గుమ్మం దగ్గర బురద ముద్రలు మాత్రం ఉన్నాయి. రెండు బూట్లవి, ఒక కర్రవి. వాటిని తుడవకుండా దాటుకుని వెళ్ళి బకెట్ తెచ్చాడు.

చేతులు పట్టు తప్పుతున్నా చక్రాలు రెండూ కడిగాడు. ఎడమ రిమ్ము పొడి గుడ్డతో తుడిచాడు. కుడి రిమ్మూ తుడిచాడు. వాల్వు చుట్టూ, నట్ల చుట్టూ వేలితో గుడ్డ దూర్చి మరీ తుడిచాడు. ఒక నట్టు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. దాని చుట్టూ ఉప్పు అప్పుడే తెల్లగా పేరుకుంటోంది.

కొండాయన ఒకసారి దారి వైపు చూశాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నట్టును అలాగే వదిలేసి షెడ్డు తలుపు వేశాడు.